రెండు పీపాల మదీరా

రవి అస్తమించని బ్రిటిష్ సామ్రాజ్యం అన్న మాట బడిలో వినని వారుండరు. అంతకుముందు స్పెయిన్ గురించి చెప్పుకున్న ఆ మాటను 1773లో బ్రిటన్‌కు తగిలించినవాడిగా జార్జ్ మెకార్ట్‌నీ పేరు చెబుతారు. ఎనిమిదేళ్ల తర్వాత అదే మనిషి మద్రాసు గవర్నరుగా దిగేసరికి కంపెనీ పెత్తనం కోట గోడ దాటితే అనుమానమే. హైదర్ అలీ కర్ణాటకాన్ని తగలబెడుతున్నాడు. ఖజానా ఖాళీ.

1737లో ఐర్లండ్‌లో పుట్టిన మెకార్ట్‌నీ కంపెనీలో గుమాస్తాగా చేరి ఎదిగినవాడు కాదు. ముప్ఫై ఏళ్లు నిండకుండానే రష్యా రాణి కేథరిన్ కొలువుకు వెళ్లి 1766లో వాణిజ్య ఒప్పందం కుదిర్చాడు. మాజీ ప్రధాని బ్యూట్ ప్రభువుకు అల్లుడయ్యాడు. గ్రెనడా గవర్నరుగా ఉంటూ 1779లో ఫ్రెంచివారికి చిక్కాడు.

మద్రాసులో ఆయనకు ముందు పనిచేసిన రంబోల్డ్ కథ తెలుగువారికీ చుట్టుకున్నదే. ఉత్తర సర్కారుల్లో తిరిగి లెక్కలు తేల్చాల్సిన సర్క్యూట్ కమిటీని 1778లో రద్దుచేసి, జమీందార్లను మద్రాసుకే రప్పించుకున్నాడాయన. విజయనగరం సీతారామరాజు నుంచి ముడుపులు పుచ్చుకున్నాడన్న ఆరోపణ లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది. మెకార్ట్‌నీ హయాంలో 1783లో ఆ కమిటీ మళ్లీ ప్రాణం పోసుకుంది. విజయనగరం సేన 12 వేలు దాటిందని మరుసటేడు తేల్చింది అదే. ఇప్పుడు జంషెడ్‌పూర్ ఉన్న ధల్‌భూమ్‌లో కంపెనీకి ఇంత ఓపిక లేకపోయింది. 1767లో ఫెర్గుసన్ అనే అధికారిని సైన్యంతో పంపి ఘాట్‌శిల రాజును దించేసింది. అక్కడ తుపాకి, ఇక్కడ కాగితం. రెండూ శిస్తు కోసమే.

ఆర్కాటు నవాబు వ్యవహారం మరీ చిక్కు. ఆయనకు అప్పులిచ్చింది కంపెనీ ఉద్యోగులే. నెల్లూరు సహా కర్ణాటక శిస్తు వసూలును 1781 డిసెంబరులో మెకార్ట్‌నీ తన చేతిలోకి తీసుకున్నాడు. అప్పులవాళ్లు ఊరుకుంటారా? చివరికి లండన్ పెద్దలు శిస్తును నవాబుకే తిరిగి కట్టబెట్టారు. దానిపై 1785లో బర్క్ పార్లమెంటులో నిప్పులు చెరిగాడు. మెకార్ట్‌నీ రాజీనామా చేశాడు. కలకత్తాలో గవర్నర్ జనరల్ పదవి ఎదురొచ్చినా స్వీకరించలేదు. పోతూ పోతూ తాను పుచ్చుకున్న కానుకల చిట్టా ప్రమాణపూర్వకంగా ఇచ్చాడు: మిత్రులిచ్చిన రెండు పీపాల మదీరా, కొన్ని సీసాల షాంపేన్, బర్గండీ, కాసిని పండ్లు, తినుబండారాలు. ఆ రోజుల మద్రాసులో ఇది వింతే.

నిజాయితీపరుడంటే అందరికీ ఇష్టుడని కాదు. టిప్పుతో 1784లో కుదిరిన మంగళూరు సంధిని వారన్ హేస్టింగ్స్ ఈసడించాడు. గవర్నర్ పిగట్‌ను 1776లో నిర్బంధించిన జనరల్ స్టువర్ట్‌ను 1783లో మెకార్ట్‌నీ పదవి పీకి, పట్టి ఓడెక్కించాడు. ఆ కక్ష లండన్ దాకా వెంటాడింది. పొల్లిలూరు యుద్ధంలో కాలు పోగొట్టుకున్న స్టువర్ట్ 1786లో చెట్టుకు ఆనుకుని నిలబడి పిస్తోలు పేల్చాడు. మెకార్ట్‌నీ గాయపడ్డాడు.

లోకానికి ఆయన గుర్తున్నది మాత్రం 1793 చైనా రాయబారంతోనే. చక్రవర్తి ముందు సాష్టాంగపడనని ఒంటి మోకాలిపై వంగాడు. వ్యాపారం కోసం అడిగిన వాటిలో ఒక్కటీ దక్కలేదు. ఎర్ల్ బిరుదు వచ్చింది. 1806లో పోయాడు. పిల్లలు లేనందున బిరుదూ అక్కడితో సరి.