ఎదుటివారి తెర

ఉప్పల్ ఐటీ ఆఫీసుల్లో పనిచేసే కుర్రవాళ్లను అడిగి చూడండి, రెండో మానిటర్ లేకపోతే చెయ్యి విరిగినట్టుంటుందంటారు. ఒక తెర మీద ఇన్‌వాయిస్, పక్క తెర మీద దాన్ని ఎక్కించాల్సిన ఫారం. ఒకే తెర ఉంటే పొద్దస్తమానం కిటికీలు మార్చుకోవడంతోనే సరిపోతుంది. 2020లో ఆఫీసులు ఇళ్లకు తరలినప్పుడు నాచారం అపార్ట్‌మెంట్లలో డైనింగ్ టేబుళ్ల మీదికి కూడా ఈ అలవాటు వచ్చి కూర్చుంది.

రెండు బొమ్మలతో పనిచేయడం ఉప్పల్‌కు కంప్యూటర్లతో వచ్చిన విద్య కాదు. ఇక్కడ సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. విమానం సాగిపోతుండగా ఒకే నేలను రెండు చోట్ల నుంచి తీసిన ఫొటోలను స్టీరియోస్కోప్ కింద పెట్టి, ఒక్కో కంటికి ఒక్కో ఫొటో కనిపించేలా సర్దితే, చదునైన కాగితంలోంచి గుట్ట పైకి లేస్తుంది. పటాలు గీసేవాళ్లు ఎత్తుపల్లాలు కొలిచింది అలాగే. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ మీద చేసేవారు లోతు చూడటానికి ఒక తెర, గీత గీయడానికి ఇంకొక తెర పెట్టుకుంటారు.

కంప్యూటర్లకే ఈ విద్య ఆలస్యంగా అబ్బింది. వాటిలో 1987లో వచ్చిన మకింతోష్ 2 మాత్రం కాస్త ముందే నేర్చింది. ఒక రంగుల తెర, ఒక నలుపు తెలుపు తెర పక్కపక్కన పెట్టి, ఒకే కిటికీని రెండిటి మీదికీ పరిస్తే సగం రంగుల్లో, సగం నలుపు తెలుపుల్లో కనిపించేది. విండోస్ వాడేవారికి ఈ వసతి సొంతంగా దక్కింది విండోస్ 98తో. అది ఏకంగా తొమ్మిది తెరలదాకా ఒప్పుకుంది. లినక్స్ దారి వేరు. అందులో తెరల బాధ్యత చూసే ఎక్స్ విండో వ్యవస్థలో తొలినాళ్లలో మౌస్ బాణం ఒక తెర నుంచి రెండో తెరకు దాటేది గాని, కిటికీ దాటేది కాదు. ఆ పద్ధతికి ఒక ఇంగ్లిష్ హాస్య నవలలోని రెండు తలల పాత్ర పేరు మీద జాఫాడ్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. కంప్యూటర్ నడుస్తుండగానే తెర తగిలించి, తీసేసే సౌలభ్యం దానికి 2007 ప్రాంతంలో కుదురుకుంది. టాస్క్‌బార్ రెండో తెర మీద కూడా ఉండాలని విండోస్‌కు తోచింది 2012లో, మెనూ బార్ విషయంలో మ్యాక్‌కు తోచింది 2013లో. అప్పటిదాకా రెండో తెరది వచ్చిపోయే చుట్టం హోదాయే.

తగువులు ఇంకా తీరలేదు. ఒకే కేబుల్‌తో వచ్చే హబ్‌కు రెండు మానిటర్లు తగిలిస్తే విండోస్ ల్యాప్‌టాప్ రెండు వేర్వేరు బొమ్మలు చూపిస్తుంది. చాలా రకాల హబ్‌లలో మ్యాక్‌బుక్ మాత్రం రెండిటిలోనూ ఒకే బొమ్మ చూపిస్తుంది. 2020 నాటి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ అయితే బయటి తెరను ఒక్కదాన్నే ఒప్పుకుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో హబ్ కొనేముందు ఏ ల్యాప్‌టాప్‌కో చెప్పి కొనడం మంచిది.

ఇన్ని పేచీల మధ్య మూడు వ్యవస్థలూ ఎప్పటినుంచో నోరెత్తకుండా చేసే పని ఒకటుంది. అదే, ఉన్న బొమ్మనే రెండో తెర మీద కూడా చూపడం. విండోస్‌లో డూప్లికేట్, మ్యాక్‌లో మిర్రర్. ప్రొజెక్టర్‌కు తప్ప ఎందుకూ పనికిరాదని నిపుణులు చిన్నచూపు చూస్తారు గాని, మామూలు జనానికి అన్నిటికంటే ఎక్కువ అక్కర ఉన్నది దీనితోనే.

ఆధార్ నమోదు కేంద్రాల్లో ఇది చూశాం. 2010లో మొదలైన ఆ పథకానికి పెట్టిన పరికరాల జాబితాలో, ఆపరేటర్ మానిటర్ కాక, పేరు నమోదు చేయించుకునే మనిషి వైపు తిరిగి ఉండే మానిటర్ ఇంకొకటి తప్పనిసరి. వివరాలు ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఎక్కుతాయి. ఇంగ్లిష్ అక్షరాల నుంచి యంత్రం తిప్పిన తెలుగు పేరులో దీర్ఘమో ఒత్తో పోయిందని పట్టుకోగలిగింది ఆ పేరు గల మనిషే. ఆ రెండో తెర చేసిన మేలు లెక్కల్లోకి రాదు. దిద్దుబాటుకు తిరగాల్సిన అవసరం రాని వాళ్లను ఎవరు లెక్కపెడతారు?

మరి మిగతా కౌంటర్లలో? మీ సేవ కేంద్రానికి వెళ్లండి. కుల ధ్రువీకరణకో ఆదాయ ధ్రువీకరణకో ఆపరేటర్ టైపు చేస్తుంటాడు, దరఖాస్తుదారు మానిటర్ వీపు చూస్తూ నిలబడతాడు. ఇంటిపేరు ముందు పెట్టాడా వెనక పెట్టాడా, లక్ష్మి చివర ‘ఐ’ ఒకటి వేశాడా రెండు వేశాడా అన్నది కాగితం చేతికొచ్చాక గాని తెలియదు. కొంచెం చొరవ ఉన్నవాళ్లు బల్ల మీదికి వంగి “అన్నా, పేరు జర చూపియ్యవా” అంటారు. మొహమాటస్తులు, చదువు రానివాళ్లు, పెద్దవాళ్లు అడగరు. చదువు రానివాళ్లకు తెర చూపినా ఏం లాభం అనొచ్చు. వెంట వచ్చిన పదో తరగతి మనవరాలు చదువుతుంది.

ఒక చిక్కు లేకపోలేదు. డూప్లికేట్ అంటే అంతా కనిపిస్తుంది. ఇంతకుముందు వచ్చినవారి ఆధార్ నంబర్, ఆపరేటర్ గారి వాట్సాప్ కూడా. నింపిన ఫారం ఒక్కటే ఎదుటి తెర మీదికి పోయేలా సాఫ్ట్‌వేర్ రాయించడం ఉత్తమం. అదయ్యేదాకా, సబ్మిట్ నొక్కేముందు మాత్రమే ఆ తెర వెలిగించినా సరిపోతుంది. విండోస్‌లో రెండు మీటల పని.

కొత్త మానిటరే కావాలని లేదు. ఆఫీసులు పక్కన పడేసే పదిహేడు అంగుళాల పాత చదరపు మానిటర్ ఫారం చదువుకోవడానికి బాగా సరిపోతుంది. కాకపోతే ఆ ఖర్చు, కరెంటు, బల్ల మీద చోటు అన్నీ కేంద్రం నడిపే చిన్న వ్యాపారి నెత్తినే పెడితే జరగదు. సర్వీసు చార్జీ ఎంతని నిర్ణయించే ఉత్తర్వులోనే ఆ మానిటర్ కూడా ఉండాలి, ఆధార్ జాబితాలో ఉన్నట్టు.