దిగుమతి మూల్యము చెల్లించుచున్న దెవరు?

2025 జూలై 24వ తేదీన మన ప్రభుత్వము బ్రిటనుతో వర్తకపుటొడంబడికపై సంతకము చేసినది. స్విట్జర్లండు, నార్వే మొదలగు నాలుగు దేశములతో చేసికొనిన మరియొక యొడంబడిక ఆ సంవత్సరమే అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. వీనివలన మన వస్త్రములకును, తోలుసరకులకును, రొయ్యలకును విదేశపు విపణులు లభించునని మంత్రులు చెప్పిరి. లభింపవచ్చును, మేము కాదనుటలేదు. కాని వాకిలి తెఱచినపుడు పోవువాడే కాదు, వచ్చువాడును ఉండును. ఆ వచ్చు సరకు తాకిడికి ఏ యూరి మిల్లు మూతపడునో, అందులో ఇరువది యేండ్లు పనిచేసినవాడు మఱునాడేమి తినునో, ఆ యొడంబడికల వెంట ఏ శాసనమును చెప్పలేదు. మన రాజ్యాంగపద్ధతిలో ఇట్టి యొడంబడికలకు పార్లమెంటు సమ్మతి యక్కఱలేదు గనుక, అడుగవలసినచోట అడుగుటకు సందర్భమే రాలేదు.

చౌక సరకువలన కొనువారందఱికిని రూపాయో అర్ధరూపాయో కలిసివచ్చును. నష్టమట్లు పంచుకొనబడదు, అది ఒక్క యూరిపై, ఒక్క పేటపై, కొన్ని యిండ్లపై పడును. లాభ మందఱిదియు నష్టము కొందఱిదియు నైనపుడు ఆ కొందఱికిచ్చునది దానమగునా? రైలుమార్గమునకై పొలము తీసికొనిన సర్కారు రైతునకు పరిహారమిచ్చుచున్నది. దానిని భిక్షమని యెవరును అనరు. బ్రతుకుతెరువే తీసికొనినపుడు మాత్రము, కాలము మాఱినది గనుక నీవును మాఱుమని యుపదేశముతో సరిపెట్టుట యేమి న్యాయము?

అమెరికా యీ న్యాయమును 1962లో అంగీకరించినది. ఉక్కు కార్మికుల నాయకుడు డేవిడ్ మెక్‌డొనాల్డు 1954లోనే ఈ ప్రతిపాదన చేసియుండెను. సుంకములు తగ్గించు నధికారము కోరుచు అధ్యక్షుడు కెనెడీ తెచ్చిన వాణిజ్య విస్తరణ శాసనమున, దిగుమతులవలన పని పోయిన కార్మికులకు భృతియు, పునశ్శిక్షణమును ఈయవలెనని చేర్చిరి. మాట గొప్పది. ఆచరణమో? 1969 నవంబరు వఱకు ఒక్క కార్మికబృందమునకైనను ఆ సహాయము మంజూరు కాలేదు. తన పని పోవుటకు దిగుమతియే ప్రధానకారణమనియు, ఆ దిగుమతి పెరుగుటకు సుంకపు తగ్గింపే ప్రధానకారణమనియు తేలవలసి యుండెను. మిల్లు గేటు బయట నిలుచున్నవానికి లోపలి లెక్క లెవరు చూపుదురు? 1974లో నిబంధన సడలినది. ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెట్టినను ప్రభుత్వము విచారింపవలెను. పని పోవుటకు దిగుమతి చెప్పుకోదగినంత తోడ్పడెనని తేలిన చాలును. 2002లో మరియొక యేర్పాటు చేర్చబడినది. ఏబదియేండ్లు దాటినవాడు తక్కువ జీతపు పనిలో చేరినచో, పాత జీతమునకును క్రొత్త జీతమునకును గల తేడాలో సగము, ఒక పరిమితికి లోబడి, రెండేండ్లపాటు ఈయబడును. ఆ శాసనములో మాకు మిక్కిలి నచ్చిన భాగమిదియే. ఏబదియేండ్ల గోనె నేతపనివానిని బల్లముందు కూర్చుండబెట్టి కంప్యూటరు నేర్పుదుమనుట వినుట కింపుగా నుండును. వాని యిల్లు గడుచుట కది చాలదు.

అక్కడి కార్మికసంఘములవారే దీనిని అంత్యక్రియల బీమా యని యెత్తిపొడిచిరి. పని పోకుండ కాపాడలేనివారు పోయినపిదప కర్మకు డబ్బిచ్చుచున్నారని దాని భావము. అందులో నిజము లేకపోలేదు. 1999 మొదలు 2011 వఱకు చీనా సరకు తాకిడివలన అమెరికాలో 20 లక్షలనుండి 24 లక్షల వఱకు ఉద్యోగములు పోయెనని ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. అంతటి దెబ్బకు ఈ మందు చాలలేదు. అయినను చాలని సహాయమునకును లేని సహాయమునకును తేడా కలదు. 2022 జూలై 1వ తేదీనుండి, గడువు పొడిగింపబడనందున, క్రొత్త అర్జీలపై విచారణ నిలిచిపోయినది. 2025లో ఆ దేశము పరదేశపు సరకులపై సుంకములను విపరీతముగా పెంచినది గాని, ఆ యేడును ఈ చిన్న శాసనమును బ్రదికింపలేదు. కార్మికుని పేరు చెప్పి సుంకము వేయుట సులభము. ఆ సుంకపు సొమ్ములో వానికి భాగమిచ్చుట కష్టము కాబోలు!

దిగుమతివలన పని పోయినవాని మొఱ క్రొత్తది కాదు. మన మచిలీపట్టణపు అద్దకపు బట్టలు సీమకు పోయి యచ్చటి నేతగాండ్ర పొట్టకొట్టుచున్నవని గోలపుట్టగా, ఇంగ్లండు పార్లమెంటు 1700లోను, మఱల 1721లోను వానిని నిషేధించుచు శాసనములు చేసినది. నూఱేండ్లు గడచినపిదప లంకాషైరు మిల్లుబట్ట మన సాలెవాడలమీద పడినపుడు మొఱపెట్టుకొనుటకు మనకు స్వంత ప్రభుత్వము లేకుండెను. నేడున్నది. కనుకనే అడుగుచున్నాము.

స్వంత ప్రభుత్వమును ఈ సంగతి యెఱుగనిది కాదు. తెలుగువాడైన పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా నుండి దేశపు తలుపులు తెఱచినపుడు, 1992 ఫిబ్రవరిలో జాతీయ పునరుద్ధరణ నిధి యనుదానిని నెలకొల్పిరి. మార్పులవలన పని పోయినవారికి పరిహారము, క్రొత్తపనిలో శిక్షణము, ఉపాధికల్పన — ఇవి దాని లక్ష్యములు. కాని యా ధనములో పెద్దభాగము కేంద్రప్రభుత్వ సంస్థల యుద్యోగులను స్వచ్ఛంద విరమణపేర ఇంటికి పంపుటకే వ్యయమయ్యెను. ప్రైవేటు మిల్లులో పని పోయినవానికి అందులో దొరకినది స్వల్పము. 2000లో నిధియే రద్దయ్యెను. తలుపులు మాత్రము తెఱచియే యున్నవి.

ఇప్పుడున్నదేమి? 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతి ప్రకారము, తొలగింపబడిన కార్మికునికి పనిచేసిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల జీతము పరిహారము. పునశ్శిక్షణకై యజమాని మరియొక పదునైదు దినముల జీతము చెల్లింపవలెను. పదునైదు దినముల జీతముతో ఏ క్రొత్తవిద్య నేర్వవచ్చునో ఆ స్మృతి వ్రాసినవారే చెప్పవలెను! ఇక ఇ.యస్.ఐ. క్రింద 2005లో నొకటియు, 2018లో నొకటియు నిరుద్యోగభృతి పథకములు పెట్టబడినవి. రెండవదానిలో సగము జీతము, తొంబది దినములు, జీవితములో నొక్కసారి. అంతకంటె ముఖ్యమైన మాట: ఆ ధనము కార్మికుడును యజమానియు చెల్లించిన చందాలది. ఒడంబడికపై సంతకము చేసిన సర్కారు తన పెట్టెలోనుండి తీసి యిచ్చినది కాదు.

ఏలూరు, నెల్లిమర్ల, చిట్టివలస — ఇవి గోనె మిల్లుల కూతతో నిద్రలేచిన యూళ్లు. చిట్టివలసలో 2009లో లాకౌటు ప్రకటింపబడెను. దానికి బంగ్లాదేశపు గోనెసంచి కారణమా, ప్లాస్టిక్ సంచి కారణమా, గోగునార ధర కారణమా, యజమానుల లెక్కలా? అన్నియు కొంతకొంత కావచ్చును. విచారించి తేల్చుమని సర్కారు నడుగు హక్కు మన చట్టములలో కార్మికునికి లేదు. యజమానులకు మాత్రము ఒక దారి కలదు. 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ శాసనము క్రింద, పరాయి సరకు అన్యాయపు ధరకు వచ్చిపడుచున్నదని వారు కేంద్ర వాణిజ్యశాఖకు అర్జీ పెట్టవచ్చును. అట్లే గోనె మిల్లులవారి అర్జీపై 2017 జనవరిలో బంగ్లాదేశ్, నేపాలు దేశముల గోనెసరకుపై యాంటీ డంపింగ్ సుంకము పడినది. 2022 డిసెంబరులో మఱి యైదేండ్లకు పొడిగింపబడినది.

ఈ విచారణలో ఒక విచిత్రమున్నది. పరిశ్రమకు హాని కలిగెనో లేదో నిర్ణయించుటకు 1995 నాటి నిబంధనలలో చెప్పిన గుర్తులలో ఉద్యోగములు, వేతనములు కూడ చేరియున్నవి. అనగా, కార్మికుని నష్టము యజమాని వ్యాజ్యములో సాక్ష్యముగా పనికివచ్చును. తీర్పులో మాత్రము వానికి భాగము లేదు. సుంకపు సొమ్ము సర్కారు ఖజానాకు పోవును.

మేము కోరునది గొంతెమ్మ కోరిక కాదు. వాణిజ్యశాఖ హాని కలిగెనని తేల్చిన పరిశ్రమలో, ఆ విచారణకాలమున పని పోయిన కార్మికులకు వేఱు ఋజువు లేకుండ సహాయమునకు అర్హత కలుగవలెను. తక్కిన పరిశ్రమలలో ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెట్టుకొను హక్కు ఉండవలెను. ఏడాదిపాటు సగము జీతము, వయసు మీఱినవానికి జీతపు తేడాలో భాగము, పార్లమెంటు మంజూరు చేసిన ధనమునుండి ఈయవలెను. యాంటీ డంపింగ్ సుంకముల రాబడి దానికి మొదటి పెట్టుబడి. అమెరికా 2000లో ఆ సుంకములను యజమానులకే పంచిపెట్టు శాసనము చేయగా ప్రపంచ వాణిజ్య సంస్థ 2003లో చెల్లదనెను. కార్మికునికిచ్చు భృతి యట్టిది కాదు.

యంత్రమువలన పని పోయినవానికి లేనిది దిగుమతివలన పోయినవానికేల యని యడుగుదురు. వానికిని ఈయవలసినదే; ఎవరు వలదనిరి? కాని యంత్రమును కొన్నవాడు యజమాని. దిగుమతికి తలుపు తీసినది ప్రభుత్వము. తాను చేసినపనికి తాను ముందుగా బాధ్యత వహింపవలెను.

ఆంధ్ర తెలంగాణములనుండి 42 మంది సభ్యులు లోక్‌సభలో కూర్చుండియున్నారు. సభ జరుగునపుడు శుక్రవారపు అపరాహ్ణము అనధికార సభ్యుల పనులకు కేటాయింపబడియున్నది. ఇట్టి బిల్లును ఏ సభ్యుడు తెచ్చినను, ఏ పార్టీవాడైనను, దానికి మా పత్రికలో చోటున్నది.