వారసత్వ గృహాల భారం ఒక్కరిదేనా?

హైదరాబాద్‌లో నిజాం కాలపు పాత ఇంటిని, ముఖ్యంగా దేవ్డీ అని పిలిచే ప్రభువర్గపు నివాసాన్ని కొనేవారికి దస్తావేజుతో సమస్త హక్కులూ సంక్రమించవు. ఆ ఇల్లు వారసత్వ జాబితాలో ఉన్నా, రక్షిత కట్టడానికి చేరువలో ఉన్నా, దాన్ని కూల్చడానికీ రూపు మార్చడానికీ అనుమతి కావాలి. నగర చరిత్రకు ఆనవాళ్లుగా మిగిలిన ఇళ్లు నిలవాలంటే ఈ కట్టడి తప్పదు. అయితే ఫలం ఊరందరికీ దక్కుతూ, ఖర్చు మాత్రం యజమాని నెత్తినే పడుతుండటంతో, చట్టం కాపాడదలచిన ఇళ్లే మరమ్మతుకు నోచుకోక శిథిలమవుతున్నాయి.

కట్టడి విధించిన నియమాలకూ నిలకడ లేదు. హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ (హుడా) 1981 నాటి జోనింగ్ నిబంధనలకు, అంటే ఏ ప్రాంతంలో ఎలాంటి నిర్మాణాలు ఉండవచ్చో నిర్ణయించే నియమావళికి, 1995లో వారసత్వ భవనాల కోసం 13వ నిబంధనను చేర్చి, జాబితాలోని కట్టడాల జోలికి వెళ్లాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. తెలంగాణ ప్రభుత్వం 2015లో ఆ నిబంధనను తొలగించి, 2017లో ప్రత్యేక వారసత్వ చట్టం తెచ్చింది. కొత్త శాసనసభ భవనం కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేయడంతో, వారసత్వ కట్టడాల విషయంలో ప్రభుత్వమూ నిబంధనలకు అతీతం కాదని స్పష్టమైంది.

చార్మినార్, గోల్కొండ వంటి జాతీయ రక్షిత కట్టడాల సమీపంలోని ఇళ్లకు కేంద్ర చట్టం వర్తిస్తుంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో 1992 జూన్ 16 కంటే ముందునుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు, నవీకరణల కోసం దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, పడగొట్టి అదే కొలతలతో మళ్లీ కట్టడం పునర్నిర్మాణం కిందికి వస్తుంది కాబట్టి దానికి వీల్లేదు. కొనేవారు సాధారణంగా చూసే ఈసీ, అంటే ఆస్తిపై జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీల పట్టిక, ఈ దూరాలను చెప్పదు. లింకు దస్తావేజులు, వారసులందరి సమ్మతి సరిచూసుకున్నాక కూడా, ఇంటికి వర్తించే కట్టడిని విడిగా విచారించాల్సిందే.

అనుమతి చేతికొచ్చాక అసలు పరీక్ష గోడ దగ్గర మొదలవుతుంది. పాత ఇళ్ల గోడలను రాతితోనో ఇటుకతోనో, డంగు సున్నంతో కట్టారు. సున్నాన్ని, ఇసుకను గానుగలో రుబ్బి, పనిని బట్టి బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం చేర్చి తయారు చేసే ఆ మిశ్రమం గట్టిపడ్డాక కూడా గాలి ఆడనిస్తుంది కాబట్టి, పునాది నుంచి పైకి పాకిన చెమ్మ గోడ మీదుగా ఆవిరైపోతుంది. పెచ్చులూడిన చోట సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకెక్కుతుంది, దానితో వచ్చిన లవణాలు పూత వెనుక పేరుకొని ఇటుకను పొడి చేస్తాయి, గోడలో దిగిన టేకు దూలం కొన నాని నాని పుచ్చిపోతుంది. పైకి నున్నగా కనిపించే గోడ లోపల, కప్పును మోసే దూలం ఇలా బలం కోల్పోతుంది. అందువల్ల పునరుద్ధరణకు మిద్దె మీద నీరు నిలవకుండా చూడటం, తూములు బాగుచేయడం మొదటి పనులు కావాలి. రంగులు, అలంకరణలు చివరికి రావాలి.

ఇంతటి పనికి సొమ్ము ఎక్కడిదన్నదే చిక్కుముడి. పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం అందుకున్న చౌమహల్లా ప్యాలెస్‌కు సందర్శకుల టిక్కెట్లున్నాయి, అదే ఏడాది హోటల్‌గా తెరుచుకున్న ఫలక్‌నుమా ప్యాలెస్‌కు అతిథులున్నారు. ఒక కుటుంబం కాపురముండే ఇంటికి అలాంటి రాబడి లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు వారసత్వ భవనాలకూ టీడీఆర్‌కు అవకాశమిచ్చాయి. తన స్థలంలో వాడుకోలేని నిర్మాణ హక్కును యజమాని మరొకరికి అమ్ముకోగల ఏర్పాటు ఇది. అయితే ఆ పత్రం విలువ మార్కెట్‌ను బట్టి మారుతుంది, వచ్చిన డబ్బు గోడకే చేరాలన్న హామీ కూడా ఉండాలి. చట్టరక్షణకు పేరున్న బ్రిటన్‌లో సైతం, రక్షిత గృహాల్లో అనుమతి పొందిన మార్పులకు ఉన్న వ్యాట్ మినహాయింపును 2012 అక్టోబరులో రద్దు చేశారంటే, యజమానికి ఊరట ఎంత సులువుగా జారిపోతుందో అర్థమవుతుంది.

చేయదగిన పనులు అసాధ్యమైనవేమీ కావు. వారసత్వ జాబితానూ నిషిద్ధ ప్రాంతాల సర్వే నంబర్లనూ రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో అందుబాటులో ఉంచాలి. అదే సామగ్రితో, అదే తీరులో చేసే చిన్న మరమ్మతులకు గడువులోగా అనుమతి ఇవ్వాలి. టీడీఆర్ పత్రాలను పని పూర్తయిన కొద్దీ దశలవారీగా విడుదల చేయాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీల వద్ద యువకులకు శిక్షణ ఇప్పించాలి. కూల్చివేతను ఆపే ఉత్తర్వు గడ్డపార ఎత్తినవారిని నిలువరించగలదు గానీ, గోడలో పుచ్చుతున్న దూలాన్ని నిలబెట్టలేదు. దాన్ని సకాలంలో మార్చే స్తోమత ఆ ఇంట్లో ఉంటున్నవారికి కల్పించినప్పుడే వారసత్వ చట్టం తన మాట నిలబెట్టుకున్నట్టు.