మూసీ పుట్టినచోట విడిది

దసరా సెలవులు గడచి చలిగాలి తిరుగుసరికి హైదరాబాదు బడులలో విహారయాత్రల ప్రసక్తి మొదలగును. ఎక్కడికి పోవుదమన్న ప్రశ్నకు పిల్లలు చెప్పు పేర్లలో ఊటీ, గోవా, మనాలి ముందు వరుసను నిలుచును. దగ్గరి చోటు పేరెత్తిన మాస్టారికి తరగతిలో పరువు దక్కదు. ఇంత సొమ్ము కట్టించుకొని ఎనుబది కిలోమీటర్లు మాత్రము త్రిప్పి తెచ్చుట ఏమని అడుగు తల్లిదండ్రులును కలరు. దూరమును బట్టి చదువునకు విలువ కట్టు ఈ అలవాటు ఎట్లు వచ్చినదో గాని, గుడారములు వేసి ఒకటి రెండు రాత్రులు పిల్లలను ఆరుబయట ఉంచదలచిన బడికి మాత్రము అది కీడే చేయును. శిబిరమునకు చోటును నగరమునకు రెండు గంటల ప్రయాణములోనే వెదకవలెను. ఇది పొదుపు కొరకు చెప్పు మాట కాదు.

దేశము చూచుట వేరు, ఒకచోట విడిసి యుండుట వేరు. హిమాలయములను, సముద్రమును పిల్లలు చూడవలసినదే. అందుకు రైలుబండ్లున్నవి, సత్రములున్నవి. శిబిరమునకు పోయిన పిల్లవాడు చూచుటకు పోవుట లేదు. తన పడక తాను పరచుకొని, తన నీరు తాను మోసి, వండుకొని తిని, చీకటిలో తోటివాని ప్రక్కన నిద్రించుటకు పోవుచున్నాడు. కావున అతడు పడుకొనబోవు నేలను ఉపాధ్యాయుడు ముందుగా పోయి కన్నులార చూచి రావలెను. ఒకసారి కాదు, రెండుసార్లు; పగలొకసారి, ప్రొద్దుగ్రుంకిన తరువాత ఒకసారి. వాన కురిసినచో నీరు ఏ వైపునకు పారును, మంచినీరు ఎక్కడినుండి తేవలెను, ఆడపిల్లలకు మరుగుదొడ్డి ఎంత దూరమున నున్నది, పాము కరచినచో విరుగుడు మందున్న ఆసుపత్రికి బండి ఎంతసేపటిలో చేరును అనునవి ఫోనులో బొమ్మలు చూచి తెలిసికొనదగినవి కావు. వేయి కిలోమీటర్ల ఆవలనున్న చోటును ఏ బడిపంతులు ముందుగా చూచి రాగలడు? అప్పుడా పని యాత్రలు నడుపు దళారి చేతికి పోవును.

2014 జూను 8వ తేదిన హిమాచల ప్రదేశమునందు బియాస్ నదిలో జరిగిన ఘోరమును తెలుగువారు మరువలేదు. హైదరాబాదు నుండి పోయిన ఇంజనీరింగు విద్యార్థులు నీరు తక్కువగా నున్న యేటిలోనికి దిగి, రాళ్ళపై నిలిచి ఫోటోలు తీసికొనుచుండగా ఎగువనున్న లార్జీ జలాశయము నుండి విడిచిన నీరు వచ్చి పడినది. 24 మంది విద్యార్థులు కొట్టుకొనిపోయిరి. హెచ్చరిక సరిగా చేయని వారి తప్పు వారిది. ఆ యేటి స్వభావము మాత్రము ఆ పిల్లలకు ఎట్లు తెలియును? ఎగువన ఆనకట్ట యున్నచోట ఆకాశము తేటగా నున్నను, చినుకు రాలకున్నను ఏరు నిమిషములలో పొంగగలదన్న సంగతి ఆ ఒడ్డున పుట్టి పెరిగినవానికి తెలియును. దూరమునుండి ఒక పూటకు వచ్చినవానికి తెలియదు. ఏటి ఇసుక ఎంత మెత్తగా నున్నను అందులో పడక వేయరాదనుట శిబిరము వేయువాడు నేర్వవలసిన మొదటి మాట. మన యేళ్ళకును ఇది చెల్లును.

స్కౌటు ఉద్యమమునకు నాంది పలికిన శిబిరము కూడ జనావాసమునకు దూరముగా జరుగలేదు. 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇరువదిమంది బాలురతో విడిసిన బ్రౌన్‌సీ దీవి ఇంగ్లండు దక్షిణ తీరమున పూల్ రేవులోనే యున్నది. పట్టణము నుండి పడవలో కొద్దిసేపటి ప్రయాణము. ఆ బాలురలో కొందరు ఆ చుట్టుప్రక్కల పట్టణముల వారే.

హైదరాబాదు చుట్టును రెండు గంటలలో చేరదగిన చోట్లకు కొదవ లేదు గాని, అన్నియు గుడారమునకు పనికిరావు. భువనగిరి గుట్ట ఎక్కుటకు బాగుండును, నిద్రకు బాగుండదు. నీడలేని ఆ బండ పగటి ఎండను దాచుకొని రాత్రి చాలసేపటి వరకు వేడిని విడుచుచుండును. పైగా మేకు దిగదు. నర్సాపురము అడవి మెదకు దారిలో దగ్గరగనే యున్నది. అక్కడ దారిన పోవువారు తినుబండారములు విసరి అలవాటు చేసిన కోతులు వంటసామానును బ్రతుకనీయవు. నల్లమల అందమే వేరు. కాని అది రెండింతలు దూరము, అందులో ఫరహాబాదు వైపు పులులకై ప్రత్యేకింపబడిన అడవి. బడిపిల్లలతో పోయి ఇష్టము వచ్చినచోట డేరా వేయుటకు అది తగదు.

వికారాబాదునకు ఆనుకొనియున్న అనంతగిరి సంగతి వేరు. నగరము నుండి సుమారు 80 కిలోమీటర్లు, చేవెళ్ళ మీదుగా దారి. రోడ్డు వెడల్పు చేయుటలో ఆ దారిప్రక్కనున్న ముదిమర్రుల గతి ఏమగునని కొన్నేళ్ళు వివాదము నడచినది. బండి ఒకచోట నిలిపి పిల్లలచేత ఒక మాను చుట్టుకొలత కొలిపించినచో ఆ అరగంట వృథా పోదు. కొండమీద అనంతపద్మనాభస్వామి ఆలయమున్నది. నిజాము కాలమున క్షయరోగులకు ఆరోగ్యశాల కట్టుటకు ఈ కొండనే ఎన్నుకొనిరి. ఇక్కడి గాలికి ఆనాటి వైద్యులు ఇచ్చిన యోగ్యతాపత్రమది. ఎత్తు సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైమాట. నగరముకంటె అంత ఎక్కువ కాదు గాని, డిసెంబరు రాత్రి ఆ తేడాను దుప్పటి మరచి వచ్చిన పిల్లవాడు బాగుగ గుర్తించును.

హైదరాబాదు పిల్లలకు రాయి అనగా గ్రానైటు గుండు. వికారాబాదు చేరుసరికి నేల రంగే మారిపోవును. అడుగున ఏనాడో లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి. దానిపైన చిల్లులు చిల్లులుగా నున్న ఎర్రరాయి, భూగోళ పుస్తకములలో లాటరైటు అనునది. వాననీటిని ఈ ఎర్రరాయి జల్లెడవలె దింపుకొని, అడుగునున్న గట్టిపొర తగిలినచోట కొండప్రక్కల ఊటగా విడుచును. అట్టి ఊటలలో మూసీనది పుట్టుచున్నది.

ఇతర యోగ్యత లేవియు లేకున్నను, ఈ ఒక్కదానికై హైదరాబాదు బడులు అనంతగిరిని ఎన్నుకొనవచ్చును. నగరములోని పిల్లవానికి మూసీ యనగా నయాపూలు దాటునప్పుడు బస్సులో ముక్కు మూసికొనవలసిన చోటు. 1908 సెప్టెంబరు 28న ఆ నది పొంగి వేలమందిని పొట్టను పెట్టుకొన్నదని, ఒక చింతచెట్టు నూరుమందికి పైగా ప్రాణములు నిలిపినదని, ఆ పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహామీద 1920 నాటికి మూసీపై ఉస్మాన్‌సాగరును, 1927 నాటికి దాని ఉపనదియైన ఈసాపై హిమాయత్‌సాగరును కట్టిరని పాఠముగా చదివియుండును. ఆ నదికిని తాను ముక్కు మూసికొను నీటికిని సంబంధము అతని మనస్సున కలుగదు. కొండ పాదమున ఒక్క అంగలో దాటదగిన తేటనీటిలో కాలు పెట్టి, ఇదియే మూసీ అని విన్ననాడు ఆ పిల్లవాడు అడుగు ప్రశ్నలు వేరుగా నుండును. నడుమ ఏమి జరిగినదని అడుగును. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట మాస్టారికి కష్టమే.

చేరువ చోటునకు ఒక చిక్కు లేకపోలేదు. కారు సులభముగా పోవుచోటికి అందరి కార్లును పోవును. ఆదివారము నాడు అనంతగిరి దారిలో పాటల పెట్టెల మ్రోత, పారవేసిన ప్లాస్టిక్ సీసాలు కనబడక మానవు. కనుక బడులు పనిదినములలో పోవుట మేలు. రెండు రోజులు పాఠము పోవునని శంకింపనక్కర లేదు. బస్సు దిగినచోటనే డేరా వేయుట కూడ తగదు. అటవీ అధికారుల అనుమతి ముందుగా పొంది, వారు చూపినచోట, చివరి మైలు నడచి చేరునట్లు ఏర్పాటు చేసికొనవలెను. తన మూట తాను మోయవలసివచ్చినప్పుడు పిల్లవాడు తనంతట తానే సగము సామాను ఇంట విడిచి వచ్చును. నవంబరు మొదలు జనవరి వరకు అనువైన కాలము. తరువాత ఆకు రాలి అడవి ఎండును; అప్పుడు నిప్పుతో ఆటలాడరాదు.

దగ్గరి చోటు వలన కలుగు మరియొక లాభమును ప్రభుత్వ పాఠశాలల వారు వెంటనే గ్రహింతురు. నలుబదిమంది తరగతిలో మనాలికి పోగలవారు పదిమంది. తక్కినవారు ఆ వారమంతయు ఖాళీ బల్లల నడుమ కూర్చుండి, వచ్చిన పిమ్మట ఫోటోలు చూడవలెను. కూలిపని చేసికొను తండ్రి బస్సు ఖర్చునకు, రెండు పూటల బియ్యమునకు ఒప్పుకొనగలడు, విమానమునకు ఒప్పుకొనలేడు. అందరును రాలేని యాత్రను తరగతి యాత్ర యనుట సరికాదు.

అనంతగిరికి చేరువనే దామగుండము అడవిలో సుమారు 2,900 ఎకరములు నౌకాదళపు రేడియో కేంద్రమునకై ఈయబడి, 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగినది. దేశరక్షణ అవసరమును, అడవికి కలుగు నష్టమును గూర్చి ఉభయపక్షములు గట్టిగా వాదించినవి. ఆ వాదము విన్న నగరవాసులలో ఆ ప్రాంతపు చెట్లక్రింద ఒక్క రాత్రియైన గడిపినవారు ఎందరు? ఎటు తీర్పు చెప్పుటకైనను నేల తెలిసి యుండవలెను గదా.

తిరుగుదారిలో బస్సును గండిపేట వైపునకు మళ్ళించుటకు కొంత సమయము పట్టును. కొండప్రక్కన అంగలో దాటిన నీరు అక్కడ కట్టకు ఆని చెరువై నిలిచియుండును. ప్రొద్దుగ్రుంకక ముందే చేరునట్లు అనంతగిరిలో మధ్యాహ్న భోజనము పెందలకడ ముగించి బయలుదేరవలెను.