పగడాల పొరుగు పోరు

కరీంనగర్‌కైనా ఆదిలాబాద్‌కైనా సముద్రం దూరమే. అయితేనేం, ఆర్వో నీళ్లలో అక్వేరియం షాపులో దొరికే సముద్రపు ఉప్పును లీటరుకి సుమారు 35 గ్రాముల చొప్పున కలిపితే హాల్లోనే చిన్న సముద్రం సిద్ధం. రాతి పగడాలనూ సీఫ్యాన్‌లనూ 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు కాబట్టి చాలామంది చూపు మెత్తటి పగడాల మీదే. అవైనా ఎక్కడివో అడిగి కొనడం మంచిది.

కదలవు, మెదలవు కదా అని వాటిని పక్కపక్కనే సర్దేస్తారు. కొన్నాళ్లకి అందులో ఒకటి ముడుచుకుపోతుంది. రోగమనుకుంటారు గానీ చాలాసార్లు అది పొరుగుదాని పనే! రాతి పగడాలు పక్కదాన్ని కుడతాయి. లెదర్ కోరల్, సినులేరియా లాంటి మెత్తనివి మాత్రం ఒళ్లు తగలకుండానే టెర్పీన్లనే రసాయనాల్ని నీళ్లలోకి వదులుతాయి. గ్రేట్ బారియర్ రీఫ్ మీద పనిచేసిన శాస్త్రవేత్తలు 1983లోనే ఈ సంగతి రాశారు. సముద్రంలోనైతే ఆ విషం అలల్లో కొట్టుకుపోతుంది. నాలుగు అద్దాల మధ్య ఎక్కడికి పోతుంది?

అందుకే లెదర్ కోరల్‌కి కనీసం జానెడు ఎడం ఉంచాలి. దాన్ని తాకి వచ్చే నీళ్లు నేరుగా మరోదాని మీద పడకూడదు. ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ వేసి తరచూ మార్చాలి, కొంత నీరు తీసి కొత్తది పోస్తుండాలి. లెదర్ కోరలే కొద్దిరోజులు ముడుచుకుని మైనంలాంటి పొర వదిలితే మాత్రం కంగారొద్దు. అది పాము కుబుసం లాంటిదే.

గుండీల్లా ముద్దొచ్చే జోవాంథిడ్‌లతో మనుషులకే జాగ్రత్త అవసరం. వాటిలో కొన్నింట పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. అవి అంటిన రాయిని వేడినీళ్లతో కడిగి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఘటనలు విదేశాల్లో ఉన్నాయి.