కాంటా సరిచూద్దాం: హుజూరాబాద్ ప్రణాళిక

వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ మిషన్ 17 శాతం దాటి చూపిస్తే మళ్లీ ఆరబోసుకోవాల్సిందే. సెంటర్‌లో తూకం ఒకటి, మిల్లులో ఇంకొకటి, నడుమ పోయింది తరుగు. ఆ తరుగు కొలిచిందా, అందాజగా వేసిందా అని అడగడం హుజూరాబాద్ వాళ్లకు కొత్త కాదు. అదే ప్రశ్న న్యూట్రినో శాస్త్రాన్ని అడగడానికి ఇవాళ ఒక్కచోట చేరాం.

న్యూట్రినోలనే కణాలు దారిలో రకం మారతాయి. ఎంత మారాయన్నది దూరాన్నిబట్టి, శక్తినిబట్టి ఉంటుంది. దూరం తెలుసు. జపాన్‌లో తోకై నుంచి కమియోకాకు 295 కిలోమీటర్లు, అమెరికాలో ఫెర్మీల్యాబ్ నుంచి యాష్ రివర్‌కు 810. వచ్చిన ఒక్కో న్యూట్రినో శక్తి మాత్రం నేరుగా తెలియదు. అది అణుకేంద్రకాన్ని కొట్టినప్పుడు బయటపడ్డ కణాలను ఏరి, కూడి, వచ్చిందెంతో వెనక్కి లెక్కగట్టాలి. తరుగు పోయేది ఆ కేంద్రకంలోనే.

లోపలి ప్రోటాన్లు, న్యూట్రాన్లు కుదురుగా ఉండవు. 2010లో మినీబూన్ ప్రయోగం కార్బన్ మీద తీసిన ఢీల లెక్క పాత కేంద్రక మోడల్ చెప్పినదానికన్నా బాగా ఎక్కువ వచ్చింది. న్యూట్రినో కొన్నిసార్లు ఒక్క కణాన్ని కాదు, జంటను కొడుతోందన్నది సిద్ధాంతకారుల వివరణ. జంటను కొట్టినదాన్ని ఒక్కటే అనుకుని లెక్కేస్తే శక్తి తక్కువ తేలుతుంది. ఆ ఢీలో పుట్టిన పయాన్ అనే కణాన్ని కేంద్రకమే మింగినా అంతే. న్యూట్రాన్ జాడ లేకుండా జారిపోతే బయటపడ్డ శక్తిని కూడే పద్ధతిలోనూ తరుగే.

దగ్గరొకటి, దూరాన ఒకటి డిటెక్టర్లు పెడితే కాంటా తప్పు చాలావరకు కొట్టుకుపోతుంది, నిజమే. కానీ రెండుచోట్లా తూచేది అవే వడ్లు కావు. దారిలో రకం మారింది, ఏ శక్తివి ఎన్ని మిగిలాయన్నదీ మారింది. కొంత తప్పు మిగులుతుంది. మా భయం అక్కడే. విశ్వంలో పదార్థమే ఎందుకు మిగిలిందో తెలుసుకునే ఆశతో న్యూట్రినోకూ ప్రతిన్యూట్రినోకూ తేడా వెతుకుతున్నారు. కేంద్రకం ఆ రెంటినీ ఒకేలా చూడదు. రాబోయే డ్యూన్ ప్రయోగంలో వాడే ఆర్గాన్‌లో 18 ప్రోటాన్లకు 22 న్యూట్రాన్లు; రెండూ సమానం కావు కాబట్టి ఆ తేడాను లెక్కగట్టడం ఇంకా కష్టం. మోడల్ తప్పును ప్రకృతి రహస్యమని ప్రకటించే ప్రమాదం ఉంది.

ఇది దూరపు దేశాల గొడవ కాదు. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ తొలిసారి దొరికిన చోట్లలో మన పొరుగునున్న కోలార్ బంగారు గని ఒకటి. అది 1965 మాట. ఇవాళ ఫెర్మీల్యాబ్ నుంచి యాష్ రివర్ దాకా సాగే నోవా ప్రయోగంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం భాగస్వామి.

కాంటాను పరీక్షించే దారి ఉంది. తెలిసిన బరువు పెట్టి చూడడమే. శక్తి ముందే తెలిసిన ఎలక్ట్రాన్లతో కార్బన్‌ను, ఇనుమును కొట్టిన కొలతలను అలాగే వెనక్కి లెక్కగట్టి 2021లో నేచర్ పత్రికలో ప్రచురించారు. చాలా ఘటనల్లో అసలు శక్తి తేలలేదు. అలాంటి కొలతలు ఇంకా కావాలి. వాటికి డబ్బు, మనుషులు ఇవ్వాలని మన విశ్వవిద్యాలయాలను అడుగుతాం. కేంద్రక సిద్ధాంతం చదివినవాళ్లకు న్యూట్రినో బృందాల్లో చోటు అడుగుతాం. ఏ ఫలితం ప్రకటించినా ఏ మోడల్ నమ్మారో, మోడల్ మారిస్తే జవాబు ఎంత కదులుతుందో పక్కనే చెప్పాలంటాం.

చేయగలిగింది మేమూ చేస్తాం. న్యూట్రినో ఢీలను కంప్యూటర్‌లో నడిపి చూపే జీనీ, న్యూరో ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. ఒకే ఢీని రెంటిలో నడిపి, తేడా ఎక్కడొచ్చిందో తెలుగులో రాసి డిగ్రీ పిల్లల చేతుల్లో పెడతాం. మొదటి లెక్క కార్బన్ మీద, వచ్చే ఆదివారం పొద్దున. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లు నోటుబుక్కుతో రండి.