షెడ్డులో పుట్టే వేగానికి దారి ఏది?

మన జిల్లాలో ఏ చిన్న పట్నానికి వెళ్లినా బస్టాండుకు కొంచెం ఎడంగా ఒక రేకుల షెడ్డు కనిపిస్తుంది. లోపల ఒక లేతు, ఒక వెల్డింగు మిషను, గోడకు వరసగా పానాలు, నేలంతా మడ్డి. చెరకు గానుగ పళ్లచక్రం విరిగినా, ట్రాక్టరు ఇరుసు వంగినా, మోటారు పంపు మొరాయించినా రైతు పరుగెత్తేది అక్కడికే. కంపెనీ సామాను దొరకనప్పుడు పాత లారీ ఉక్కును కోసి, చెక్కి ఆ ముక్కను తయారుచేసి ఇచ్చే నేర్పరులు ఆ షెడ్డుల్లో ఉన్నారు. వారి దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లకు, చేతికి పని వచ్చిన కొద్దీ, తామే ఒక బండి కట్టి అందరికన్నా వేగంగా నడపాలన్న కోరిక పుట్టడం సహజం. దీన్ని తిన్నది అరగని పని అని పెద్దలు కొట్టిపారేయడం సబబు కాదు.

చిక్కు అక్కడ లేదు. కట్టిన బండిని ఎక్కడ పరుగెత్తించాలి? ఈ ప్రశ్నకు జిల్లాలో జవాబు లేదు. జవాబు లేనందువల్లనే సైలెన్సరు ఊడదీసిన బండి అర్ధరాత్రి బైపాసు మీదికి వస్తున్నది. అదే బైపాసు మీద వెనక దీపం లేని ట్రాక్టరు వస్తుంది. తెల్లవారుజామున పాల క్యాన్ల బండి వస్తుంది. పెరటాసి నెలలోనైతే గోవింద నామాలు చెప్పుకుంటూ కాలినడకన కొండకు పోయే జనం రాత్రంతా ఆ రోడ్డు పక్కనే ఉంటారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు దూసుకుపోతుంది. ఎదుట మనిషిని చూచి కాలు బ్రేకు మీదికి పోయేలోగానే ఆ 28 మీటర్లూ గడిచిపోతాయి. బ్రేకు పనిచేయడం ఆ తరువాత మాట.

సొంత షెడ్డులో బండి కట్టి ప్రపంచంలోనే అందరికన్నా వేగంగా నడిపిన వారు నిజంగానే ఉన్నారు. వారు ఆ పని ఎలా చేశారో మన కుర్రవాళ్లు, వారి తండ్రులు కూడా, తెలుసుకోవడం మంచిది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణం దగ్గర ఆర్ట్ ఆర్ఫన్స్ అనే ఆయన ఉండేవాడు. ఇంటివారిది పశువుల దాణా మిల్లు. 1952లో ఆయన తన అన్నతో కలిసి మొదటి బండి కట్టినప్పుడు దానికి పూసింది మిగిలిపోయిన పచ్చ ట్రాక్టరు రంగు. అందుకే దానికి పచ్చభూతం అన్న అర్థం వచ్చే పేరు పడింది. తరువాత ఆయన కట్టిన బండ్లన్నింటికీ అదే పేరు నిలిచింది. యుద్ధ విమానం నుంచి ఊడదీసిన, దెబ్బతిన్న జెట్ ఇంజనును పాత సామాన్ల వ్యాపారి దగ్గర 600 డాలర్లకు కొని, పాడైన రెక్కలను తీసివేసి, పెరట్లో చెట్లకు కట్టి నడిపించి చూచాడు. ఆ ఇంజను బిగించిన బండితో 1964 అక్టోబరులో గంటకు 698 కిలోమీటర్ల వేగం సాధించాడు. 1965 నవంబరులో అది 927 కిలోమీటర్లు దాటింది. అప్పటికి భూమి మీద అంత వేగంగా చక్రాల బండి నడిపినవారు లేరు.

అయితే ఆయన నడిపింది ఆక్రన్ బజారులో కాదు. యూటా రాష్ట్రంలో బొనవిల్ అనే ఉప్పు మైదానం ఉన్నది. మైళ్ల తరబడి చెట్టు లేదు, పుట్ట లేదు, మనిషి లేడు. కొలిచి గుర్తుపెట్టిన మైలును ఒకసారి పోయి, గంటలోపల తిరిగి ఎదురుగా రావాలి. రెండు పరుగుల సగటునే వేగంగా లెక్కిస్తారు. గాలివాటం, పల్లం చేసే సాయం లెక్కలో చేరకుండా ఈ నియమం. 1997లో జెట్ ఇంజన్లతో గంటకు 1,228 కిలోమీటర్లకు చేరి నేటికీ నిలిచి ఉన్న బ్రిటిష్ బండి రికార్డును కూడా ఈ పద్ధతిలోనే, నెవాడా ఎడారిలో కొలిచారు.

ఇంకొక సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. 1966 నవంబరులో ఆర్ఫన్స్ మళ్లీ రికార్డుకు ప్రయత్నించినప్పుడు బండి గంటకు 950 కిలోమీటర్లకు పైబడిన వేగంలో ఉండగా ఒక చక్రం బేరింగు బిగుసుకుపోయింది. బండి తునాతునకలైంది. తన చుట్టూ తాను కట్టుకున్న ఇనుప పంజరం గట్టిదైనందువల్ల, మైదానం ఖాళీగా ఉన్నందువల్ల ఆయన బతికి బయటపడ్డాడు. బేరింగు బిగుసుకుపోవడం అంటే ఏమిటో మన రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. నడిరోడ్డు మీద అదే జరిగితే పంజరంలో ఉన్నవాడు బతకవచ్చు, పాల సైకిలువాడి గతి ఏమిటి?

వేగం పెంచడం అంటే సైలెన్సరు పీకడం అనుకునేవారు మనలో చాలామంది. దానివల్ల పెరిగేది మోత. వేగం రెండింతలు కావాలంటే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి ఇంజను శక్తి ఎనిమిదింతలు కావాలి. నిలపవలసిన దూరమూ సుమారు నాలుగింతలే. కనుక బండి కట్టేవాడు ఇంజను కన్నా ముందు ఒంటి ఆకారం, టైర్లు, బ్రేకులు, బేరింగులు, అతుకులు చూచుకోవాలి. ఇది ఓపికతో చేసే లేతు పని. ఆ ఓపిక మన షెడ్డుల్లో ఉన్నదనే మా నమ్మకం.

మనకు దగ్గరలో, మన భాషవారిలోనే ఇందుకు నిదర్శనం ఉన్నది. కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో 1893లో ఒక తెలుగు రైతు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు చదువు మానేసి, హోటలులో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలును కొన్నాడు. దాన్ని ముక్కముక్కలుగా విప్పి, మళ్లీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నాడు. 1920లో ఒకే ఒక బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సు సర్వీసునే నిర్మించాడు. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో దేశంలో తొలి విద్యుత్ మోటారును తయారుచేయించిన ఘనత ఆయనదే. ఇవాళ మన బావుల దగ్గర తిరిగే మోటార్ల మీద కోయంబత్తూరు పేరు కనిపించడం వెనక ఇంత కథ ఉన్నది. 1952లో 2,000 రూపాయలకే ఇద్దరు కూర్చొనే పెట్రోలు కారును తయారుచేయడానికి ఆయన సిద్ధపడితే ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. చేతిలో పని ఉండి, ఎదుట దారి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కరలేదు.

అదే ఊరి తెలుగు మిల్లు యజమానుల ఇంట పుట్టిన కరివర్ధన్, మారుతి 800 కారు ఇంజనుతో తక్కువ ఖర్చులో ఒక్క మనిషి కూర్చొనే పందెం బండ్లను ఇక్కడే కట్టించాడు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన మరణించినా ఆ బండ్లు చేయవలసిన పని చేశాయి. 2005లో ఫార్ములా వన్ పందేల్లో దిగిన తొలి భారతీయుడు, కోయంబత్తూరు వాడే అయిన నరేన్ కార్తికేయన్ పందేలు మొదలుపెట్టింది ఈ ఫార్ములా మారుతి బండ్లతోనే.

కోయంబత్తూరు వారికి దొరికి మనకు దొరకనిది ఏమిటి? తెలివి కాదు, చోటు. మద్రాసు వారు రెడ్ హిల్స్ దగ్గర షోలవరంలోని యుద్ధకాలపు విమానాల బాటను పందేలకు వాడుకున్నారు. ఇంట్లో కట్టుకున్న బండ్లు ఎన్నో ఆ బాట మీద పరుగెత్తాయి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందేలకే ప్రత్యేకంగా బాట వేశారు. అది ఎక్కడో లేదు. చిత్తూరు నుంచి రాణిపేట మీదుగా మద్రాసు పోయే మన మామిడి లారీల దారిలోనే ఉన్నది.

చట్టం సంగతికి వస్తే, 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా బండి స్వరూపం మార్చరాదు. బహిరంగ స్థలంలో పందేలకు, వేగ పరీక్షలకు దిగితే 189వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. 2019 సవరణలో ఈ శిక్షను పెంచారు, అది న్యాయమే. కాగా ఆ సెక్షనులోనే ఒక మాట ఉన్నది. రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతిస్తే అది నేరం కాదు. అంటే తలుపు మూసి లేదు, తట్టినవారే లేరు.

కనుక జిల్లా అధికారులు రాత్రి కాపలాతో, చలానాలతో సరిపెట్టుకోక మరికొంత పని చేయవలసి ఉన్నది. పాలిటెక్నిక్కులు, ఐటిఐలలో సాయంత్రమయ్యాక ఖాళీగా ఉండే లేతులను వారానికి రెండు పూటలు షెడ్డు కుర్రవాళ్లకు వదలాలి. అక్కడి మాస్టర్లు అతుకులు, బ్రేకులు, పెట్రోలు ట్యాంకు, ఇనుప పంజరం చూచి సరేనన్న బండినే పరుగుకు పంపాలి. సంవత్సరానికి ఒకసారి ఇరుంగాట్టుకోట్టై బాటను అద్దెకు తీసుకోవచ్చు. లేదా కొత్తగా వేసిన రోడ్డును రాకపోకలకు విడవక ముందు ఒక ఉదయం, రెండు వైపులా కట్టడి చేసి, అంబులెన్సును, అగ్నిమాపక బండిని దగ్గర పెట్టి వేగం కొలిపించవచ్చు. బండ్లను అక్కడికి లారీ మీద తేవాలే తప్ప నడిపించుకు రాకూడదు. పద్దెనిమిదేళ్లు నిండని వాడిని ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

గుంతలు పూడ్చడానికే నిధులు లేనప్పుడు ఈ పందేలకు ఖర్చా అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గుంతలు పూడ్చే డబ్బులో ఒక్క పైసా ఇందుకు తీయనక్కరలేదు. బండి కట్టుకోగలిగినవాడు ప్రవేశ రుసుము కట్టగలడు. ప్రభుత్వం ఇవ్వవలసింది ఒక సంతకం, కొందరు పోలీసులు, ఒక పూట.

గానుగలు ఆడే రోజుల్లో మన షెడ్డులకు తీరిక ఉండదు. మామిడి కోతలు మొదలైతే అసలే ఉండదు. ఆ రెండూ ముగిసి ఆగస్టు వచ్చేసరికి కుర్రవాళ్ల చేతులు కొంత ఖాళీ అవుతాయి. ఆ నెలలో తొలి పరుగు జరగాలంటే రవాణా శాఖ నుంచి అనుమతి కోరే కాగితం ఈ ఉగాదికే సచివాలయానికి చేరాలి.